500 మెగావాట్ల బొగ్గు యూనిట్ ఒకటి ఆపాలంటే ఎంత సోలార్ కావాలి? గ్రామసభకు లెక్క కావాలి

రాజురా_వాసి:

నమస్కారం. మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకా. ఊరి గైరాన్‌లో (ఊరుమ్మడి మేత భూమిలో) కొంత భూమిని సోలార్ ప్లాంటుకు లీజుకు ఇచ్చే విషయం వచ్చే గ్రామసభలో పెడుతున్నారు. సబ్‌స్టేషన్ మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఊరు రెండుగా చీలింది. "సోలార్ వస్తే ఈ బూడిద, ఈ గనుల దుమ్ము పోతది, థర్మల్ మూసెయ్యొచ్చు" అని కాలేజీ పిల్లలంటున్నారు. "రాత్రి ఎనిమిదింటికి నీ సోలార్ ఫ్యాన్ తిప్పుతదా? బొగ్గు లేకుంటే దేశమే చీకటి" అని పెద్దలు. ఎవరి దగ్గరా అంకెలు లేవు.

సభలో చదివి వినిపించడానికి నాలుగు విషయాలు తేలాలి. చంద్రపూర్ థర్మల్‌లో 500 మెగావాట్ల యూనిట్ (కరెంటు తయారుచేసే ఒక బాయిలర్, టర్బైన్ జత) ఒక్కటి ఆపాలంటే దాని బదులు ఎంత సోలార్, ఎంత నిల్వ కావాలి? అంతదాకా ఆ బొగ్గు యూనిట్‌ను ఎట్ల నడపాలి? పొలం మోటర్లకు పగటి కరెంటు దీనివల్ల నిజంగా వస్తుందా? చివరగా, గైరాన్ ఇవ్వాల్సి వస్తే కాగితంలో ఏం చూసుకోవాలి? తెలిసినవాళ్లు లెక్కతో సహా రాయండి. ఉత్త అభిప్రాయాలు ఊళ్లోనే బోలెడున్నాయి.

బాయిలర్_డెస్క్:

అన్నా, మొదట యూనిట్ ఏం తింటుందో చూద్దాం. చంద్రపూర్ థర్మల్ ఇప్పుడు 2,920 మెగావాట్లు: 210వి రెండు, 500వి అయిదు. పాత 210ల్లో రెండింటిని ఇప్పటికే తీసేశారు. 500 యూనిట్ పూర్తి లోడులో గంటకు సుమారు 325 టన్నుల బొగ్గు కాలుస్తుంది. మీటరు లెక్కన ఒక యూనిట్ కరెంటుకు 650 గ్రాములన్నమాట. రోజుకు 7,800 టన్నులు. 59 వ్యాగన్ల రేక్ (గూడ్సు రైలు) ఒకటి నాలుగు వేల టన్నులకు కాస్త తక్కువ తెస్తుంది కాబట్టి రోజుకు రెండు రేకులు. ఇక్కడి బొగ్గులో బూడిద 35 నుంచి 40 శాతం. అంటే ఒక్క యూనిట్ నుంచే రోజుకు దాదాపు 3,000 టన్నుల బూడిద. పిల్లల కోపానికి కారణం ఉంది.

ఇక బదులు లెక్క. యూనిట్ ఏడాది పొడవునా పూర్తి లోడులో ఉండదు. 65 శాతం సగటు వేసుకుంటే రోజుకు 7,800 మెగావాట్ అవర్లు, అంటే 78 లక్షల యూనిట్ల కరెంటు. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాది సగటున రోజుకు నాలుగు, నాలుగుంబావు యూనిట్లు ఇస్తుంది. 4.2తో భాగిస్తే సుమారు 1,860 మెగావాట్ల ప్యానెళ్లు. "500 పోయి 500 వచ్చింది" అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. మెగావాట్ అనేది గొట్టం వెడల్పు. అందులో రోజుకు ఎంత నీరు పారిందో చెప్పేది యూనిట్లు.

దేశం మొత్తం మీదా ఇదే తికమక. 2025 మధ్యకల్లా స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కాని వాటిదే అయింది. అది నిజమే, మంచిదే. కానీ ఏడాదిలో వాడిన కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇప్పటికీ బొగ్గు నుంచే. 2024-25లో దేశం వంద కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదవండి, పెద్దలూ పిల్లలూ ఇద్దరూ వింటారు.

లోడ్_డిస్పాచ్:

పై లెక్కలో ఒక దిద్దుబాటు. 1,860 అనేది ఎండ పడ్డప్పుడే మొత్తం వాడుకుంటే సరిపోయే అంకె. కరెంటు వాడేది 24 గంటలు.

500లో 65 శాతం లెక్కన సగటు 325 మెగావాట్లు కావాలనుకోండి. ఎండ బాగా ఉండే ఎనిమిది గంటలకు 2,600 మెగావాట్ అవర్లు నేరుగా పోతాయి. మిగతా 16 గంటలకు 5,200 నిల్వలోంచి రావాలి. బ్యాటరీలో పెట్టి తీస్తే 15 శాతం దాకా పోతుంది, కాబట్టి 5,200 తీయాలంటే 6,100 పెట్టాలి. మొత్తం రోజుకు 8,700. ప్యానెళ్లు 2,070 మెగావాట్లకు చేరాయి. మెగావాట్‌కు నాలుగున్నర ఎకరాలు వేస్తే 9,300 ఎకరాలు.

నిల్వ సంగతి: ఇప్పుడు వస్తున్న 20 అడుగుల బ్యాటరీ కంటైనర్ ఒకటి సుమారు 5 మెగావాట్ అవర్లు పడుతుంది. 5,200కి 1,040 కంటైనర్లు. పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఏటేటా కొంత అరుగుదల కూడా ఉంటుంది, కాబట్టి ఇంకో నూరు కలపాలి. చంద్రపూర్ వేసవి 46, 47 డిగ్రీలు. సెల్‌ను 25, 30 మధ్య ఉంచడానికి కూలింగే కొంత కరెంటు తింటుంది. దాన్ని లెక్కలో వదిలేసే కొటేషన్లను నమ్మకండి.

నీటి నిల్వ మన వాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ఘనమీటరు నీరు 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే టర్బైన్ నష్టాలు పోను 0.24 యూనిట్ వస్తుంది. 5,200 మెగావాట్ అవర్లకు 2 కోట్ల 17 లక్షల ఘనమీటర్లు కావాలి. అంటే ముప్పావు టీఎంసీ పైన ఒక చెరువులో, అంతే జాగా కింద ఒక చెరువులో. ఎత్తు 300 మీటర్లయితే నీరు మూడో వంతు చాలు. అందుకే ఈ పని కొండలున్న చోటే చేస్తారు. శ్రీశైలం ఎడమ గట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, మన రాష్ట్రంలో ఘాట్‌ఘర్ 250 మెగావాట్లు ఈ రకమే. నీటిని పైకి తోడటానికి నూరు యూనిట్లు ఖర్చుపెడితే కిందికి దిగేటప్పుడు 75, 80 తిరిగొస్తాయి. వార్ధా, వైన్‌గంగ ఒడ్డున అంత ఎత్తు లేదు. పాత ఓపెన్‌కాస్ట్ గని గుంతల్లో చేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఆలోచన చెడ్డది కాదు. కానీ రోజూ నీటిమట్టం పదుల మీటర్లు ఎక్కి దిగుతుంటే గుంత గట్లు జారతాయి. బొగ్గు పొరల్లోంచి ఊరే నీటిలో ఆమ్లం ఉంటే యంత్రాన్ని తినేస్తుంది. గట్టు పరీక్ష, నీటి పరీక్ష అయ్యాకే దాని గురించి మాట్లాడాలి.

ఇంతా చేసి వానాకాలం మిగిలే ఉంది. జూలైలో ముసురు పట్టిన రోజు కిలోవాట్‌కు ఒకటిన్నర, రెండు యూనిట్లకు పడిపోతుంది. 2,070 మెగావాట్లు ఆ రోజు ఇచ్చేది 3,600 మెగావాట్ అవర్లు, కావలసింది 8,700. ముసురు మూడు రోజులుంటే ఏ బ్యాటరీ ఆదుకోదు. ఆ నెలల్లోనే పశ్చిమ మహారాష్ట్ర గాలిమరలు బాగా తిరుగుతాయి, జలవిద్యుత్ వస్తుంది. కొంత పూడుతుంది, మొత్తం పూడదు. బొగ్గు యూనిట్ అప్పుడు కావాలి. అయితే వానాకాలం బొగ్గుకూ చెడ్డదే. తడి బొగ్గు బంకర్లలో (బొగ్గు తొట్లలో) అంటుకుపోయి, మిల్లులకు బొగ్గు అందించే ఫీడర్లు ఖాళీగా తిరుగుతాయి. జూన్‌కు ముందే యార్డులో నిల్వ పెంచుకోకపోతే ఎండా లేక, బొగ్గూ లేక ఇరుక్కుంటాం.

రాజురా_వాసి:

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే పెద్దలదే గెలుపా? 9,300 ఎకరాలు, వెయ్యి కంటైనర్లు, అయినా వానాకాలంలో బొగ్గే అంటే పిల్లలకు ఏం చెప్పను?

బాయిలర్_డెస్క్:

కాదన్నా. పూర్తిగా మూసే లెక్క అడిగావు, అందుకే కొండంత కనిపించింది. మొదటి మెట్టు ఎంత చిన్నదో చూడు.

500 యూనిట్‌ను పగలు ఎనిమిది గంటలు 55 శాతానికి, అంటే 275 మెగావాట్లకు దించామనుకో. 225 మెగావాట్లు ఎనిమిది గంటలు తగ్గాయి, 1,800 మెగావాట్ అవర్లు. దానికి సుమారు 430 మెగావాట్ల సోలార్ చాలు. 1,900 ఎకరాలు, బ్యాటరీ ఒక్కటీ అక్కర్లేదు. బొగ్గు 1,170 టన్నులు మిగులుతుంది. తక్కువ లోడులో బాయిలర్ సామర్థ్యం పడిపోతుంది. ఇక్కడి రకం సబ్‌క్రిటికల్ (తక్కువ ఆవిరి ఒత్తిడితో నడిచే పాత తరహా) యూనిట్లో ఆ లోడు దగ్గర దాదాపు 6 శాతం ఎక్కువ బొగ్గు పడుతుంది, అది 86 టన్నులు. పోను 1,080 టన్నులు రోజూ మిగిలినట్టే. రెండు రేకుల తిండి ఉన్న చోట రేక్‌లో నాలుగో వంతుకు పైగా ఆదా. బూడిద 400 టన్నులు తక్కువ. ఎరయి జలాశయం నీరు కూడా తక్కువ పడుతుంది. అది చిన్న విషయం కాదు. 2010 వేసవిలో ఎరయి అడుగంటి యూనిట్లు ఆపాల్సి వచ్చింది.

కాబట్టి పిల్లలకు చెప్పు: మొదటి 400 మెగావాట్ల సోలార్ చవక, వెంటనే పనికొస్తుంది. ఆఖరి 400 మెగావాట్లు చాలా ఖరీదు. మొదటిది ఈరోజే చేయాలి. ఆఖరిదాని పేరు చెప్పి మొదటిదాన్ని ఆపకూడదు, మొదటిది వచ్చింది కదా అని బొగ్గు యూనిట్‌ను పాడుబెట్టకూడదు.

ఈ రెండోది చాలామందికి పట్టదు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం బొగ్గు యూనిట్లు 40 శాతం దాకా దిగగలగాలి. ఎక్కేటప్పుడు 40 నుంచి 55 మధ్య నిమిషానికి 1 శాతం, 55 నుంచి 70 మధ్య 2 శాతం, ఆపైన 3 శాతం. కాగితం మీద 500 యూనిట్ 200 నుంచి 275కి 15 నిమిషాలు, 350కి ఇంకో ఏడున్నర, 500కి ఇంకో పది. మొత్తం అరగంట పైచిలుకు. సాయంత్రం సూర్యుడు దిగే వేగానికి సరిపోతుంది.

అసలు తంటా బొగ్గును పొడి చేసే మిల్లుల దగ్గర. పూర్తి లోడుకు గంటకు 50, 60 టన్నుల మిల్లులు ఆరు నడవాలి. 40 శాతం దగ్గర మూడే ఉంటాయి. ఆపి ఉన్న మిల్లును వేడి గాలితో వెచ్చబెట్టి బొగ్గు పట్టించడానికి 20 నిమిషాలు పోతాయి. ఏ యూనిట్ ఎంత ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి ముందస్తు షెడ్యూలు రాకుండా "ఇప్పుడే ఎక్కించు" అంటే కుదరదు. నాలుగింటికి ఎక్కాలంటే మూడున్నరకు మిల్లు వెచ్చబెట్టడం మొదలవ్వాలి.

తక్కువ లోడులో చెడేవి ఇవి. మంట నిలకడ తప్పుతుంది, మంటను కనిపెట్టే ఫ్లేమ్ స్కానర్ మిణుకుమంటుంది, ఫర్నేస్ ఒత్తిడి ఊగుతుంది, ఆపరేటర్ భయపడి నూనె గన్ (మంటకు ఆసరాగా నూనె చిమ్మే గొట్టం) పెడతాడు. నూనె పెడితే సోలార్‌తో ఆదా అయిన డబ్బు అక్కడే కాలిపోతుంది. మిల్లులు పక్కపక్క వరుసల్లోవి నడపాలి. ఒకటి పైన, ఒకటి అడుగున వదిలేస్తే మంటలు ఒకదానికొకటి ఆసరా ఇవ్వవు. ఆ గంటలకు బూడిద తక్కువ ఉన్న బొగ్గును వేరుగా బంకర్‌లో పెట్టుకుంటే సగం కష్టం తీరుతుంది. పొగ చల్లబడి ఎయిర్ ప్రీహీటర్ (పొగ వేడితో గాలిని వెచ్చబెట్టేది) చల్లటి కొసలో ఆమ్లం పేరుకుని రేకులు తింటుంది, అక్కడి ఉష్ణోగ్రత మీద ఒక కన్ను ఉండాలి. బాయిలర్‌కు నీరు పంపే ఫీడ్ పంపుల్లో నీటిని వెనక్కి తిప్పే రీసర్క్యులేషన్ వాల్వ్ తెరుచుకుంటూ మూసుకుంటూ కొట్టుకుంటుంది. అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చేది, పెద్ద దెబ్బ తీసేది లోహపు అలసట. రోజూ వేడెక్కి చల్లారడంతో డ్రమ్ (ఆవిరి పాత్ర), హెడర్ల (ట్యూబులు కలిసే పెద్ద గొట్టాల) వెల్డింగుల దగ్గర సన్నని పగుళ్లు పుడతాయి. పదేళ్లకు రావలసినవి నాలుగేళ్లకే వస్తాయి. వార్షిక మరమ్మతులో ఆ వెల్డింగులను అల్ట్రాసానిక్‌తో చూడటం పెంచాలి, దానికి డబ్బు కేటాయించాలి. "ఎలాగూ మూసేదే కదా" అని మరమ్మతు తగ్గిస్తే సరిగ్గా జూలై ముసురులో ట్యూబు పగులుతుంది. ట్యూబ్ లీకయిన యూనిట్ చల్లారి, వెల్డింగ్ అయి, మళ్లీ గ్రిడ్‌కు ఎక్కేసరికి రెండు మూడు రోజులు.

పూర్తిగా ఆపి సాయంత్రం మళ్లీ వెలిగించడం కన్నా దించి నడపడమే ఎందుకు మేలో కూడా సభలో చెప్పు. రాత్రి ఆగి పొద్దున మొదలైన వేడి యూనిట్‌కే రెండు మూడు గంటలు, నూనె. మూడు రోజులు ఆగి చల్లారిన దానికి పూట పైనే.

లోడ్_డిస్పాచ్:

బాయిలర్ గారు రాసిన దానికి గ్రిడ్ వైపు నుంచి రెండు మాటలు. 2024 మే 30న దేశ గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లు దాటింది. అది మధ్యాహ్నం, ఎండ ఉన్న పూట, సోలార్ ఆదుకుంది. ఇప్పుడు గండం మధ్యాహ్నం కాదు, సాయంత్రం ఆరున్నర నుంచి పదకొండు. కాబట్టి మొదట పెట్టే బ్యాటరీ 16 గంటలకు కాదు, ఆ నాలుగైదు గంటలకే చాలు. 5,200 బదులు 500 మెగావాట్లకు నాలుగు గంటలు, 2,000 మెగావాట్ అవర్లు పెట్టుకుంటే అదే పెద్ద ఊరట. రాత్రి పదకొండు దాటాక డిమాండ్ పడిపోతుంది, ఉన్న బొగ్గు యూనిట్లు తీరిగ్గా నడుస్తాయి.

వేగం కావలసిన చోట నీరే రాజు. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలార్పినప్పుడు డిమాండ్ నిమిషాల్లో సుమారు 31 వేల మెగావాట్లు పడి మళ్లీ లేచింది. ఎక్కువ భారం జలవిద్యుత్ యంత్రాలే మోశాయి. మన కోయ్నా జలవిద్యుత్ కేంద్రం 1,960 మెగావాట్లది. అయితే కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ప్రకారం పడమటికి మళ్లించే నీరు ఏడాదికి 67.5 టీఎంసీలే. ఆ నీటిని పగలు వదిలేస్తే సాయంత్రానికి ఉండదు. పగలు సోలార్ పెరిగిన కొద్దీ కోయ్నా నీటిని సాయంత్రానికి దాచుకోవచ్చు. ఎక్కడో రాజురా గైరాన్‌లో వేసిన ప్యానెల్ సహ్యాద్రిలో నీటిని మిగులుస్తుందన్నమాట. ఈ ముడి సభలో చెప్పండి.

ఇంకో సులువైన పని వాడకాన్ని పగటికి జరపడం. కోర్పనా వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో టన్ను సిమెంటుకు 70, 80 యూనిట్లు పోతాయి, అందులో పెద్ద వాటా నూరే మిల్లులదే. క్లింకర్ (నూరకముందు సిమెంటు గడ్డలు) నిల్వ ఉంటుంది, సైలో ఉంటుంది. నూరుడు పగలు పెట్టుకుని సాయంత్రం ఆపితే కోట్ల రూపాయల బ్యాటరీ పని ఉచితంగా అవుతుంది. ఊళ్ల తాగునీటి పంపులు, పిండి గిర్నీలు కూడా అంతే. కేంద్రం 2023లో వినియోగదారుల హక్కుల నిబంధనలు మార్చి, ఎండ గంటల్లో ధర కనీసం 20 శాతం తక్కువ, గరిష్ఠ గంటల్లో ఎక్కువ ఉండాలంది. స్మార్ట్ మీటరు ఉన్నవాళ్లు బిల్లులో ఆ గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చూసుకోండి.

పరాటీ:

బొగ్గుతో పాటు పరాటీ, అంటే పత్తి కట్టె, కాల్చే సంగతి ఎవరూ ఎత్తలేదు. మన చేలలో పరాటీ ఊరికే తగలబెడుతున్నాం. థర్మల్‌లో 5 శాతం జీవ ఇంధన గుళికలు కలపాలన్న కేంద్ర విధానం 2024-25 నుంచి ఉంది. 7,800 టన్నుల్లో 5 శాతం 390 టన్నులు. ఎకరానికి టన్ను కట్టె అనుకుంటే రోజుకు 390 ఎకరాలు, ఏడాదంతా పూర్తి లోడులో నడిస్తే లక్షా నలభై వేల ఎకరాల కట్టె ఒక్క యూనిట్‌కు.

కట్టె చేలో దొరికేది జనవరి నుంచి మార్చి దాకానే. ఏడాదికి సరిపడా కోసి, ముక్కలు చేసి, తడి తగలకుండా దాచాలి. కట్టెలో తేమ 10, 12 శాతం దాటితే గుళిక నిలవదు, పొడైపోతుంది. పచ్చి గుళికను బొగ్గుతో పాటు వేడి మిల్లులో వేస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. అందుకే మిల్లులోంచి బయటికొచ్చే గాలి ఉష్ణోగ్రత తగ్గించి నడపాలి, లేదా ముందే కాల్చి గోధుమరంగుకు తెచ్చిన గుళిక వాడాలి. రైతుకు ఇంకో లాభం: కట్టె చేలో నిలబెట్టకుండా వేరుతో పీకేస్తే గులాబీ పురుగు మరుసటి పంటకు తక్కువ మిగులుతుంది. కలెక్షన్ కేంద్రం పది పన్నెండు కిలోమీటర్లలో ఉంటేనే బండి కిరాయి గిట్టుతుంది.

డీపీ_కింద:

మోటర్ల సంగతి నేను చెబుతాను. మన వ్యవసాయ ఫీడర్లకు (సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వచ్చే లైన్లకు) త్రీ ఫేజ్ వంతులవారీగా వస్తుంది, కొన్ని రోజులు పగలు ఎనిమిది గంటలు, కొన్ని రోజులు రాత్రి. రాత్రి పూట పులి, అడవిపంది, పాము ఉన్న చేనుకు మనిషి పోవాలి. పగటి కరెంటు మనకు సుఖం కోసం కాదు, ప్రాణం కోసం.

ముఖ్యమంత్రి సౌర కృషి వాహిని పథకం రెండో విడత 2023లో మొదలైంది. సబ్‌స్టేషన్ దగ్గర అర మెగావాట్ నుంచి 25 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టి ఆ వ్యవసాయ ఫీడర్లను పగలే నడిపించడం దీని ఉద్దేశం. మీ గైరాన్ అడుగుతున్నది దాదాపు దీనికే అయ్యుంటుంది, కాగితంలో చూడండి. ఫీడర్ మీద 5 హెచ్‌పీ మోటర్లు 300 ఉంటే, పాత మోటర్ ఒక్కోటి నాలుగున్నర కిలోవాట్లు లాగినా మొత్తం 1,350 కిలోవాట్లు. అన్నీ ఒకేసారి నడవవు. రెండు మెగావాట్ల ప్లాంటు, తొమ్మిది ఎకరాలు హాయిగా చాలు. అయితే వ్యవసాయ ఫీడర్ ఊరి ఫీడర్ నుంచి వేరుగా ఉండాలి, లేకపోతే పగటి కరెంటు మాట ఉత్తదే.

పగటి కరెంటు వచ్చాక కూడా డీపీ (ట్రాన్స్‌ఫార్మర్) కాలిపోతే లాభం లేదు. 63 కేవీఏ డీపీ మీద 5 హెచ్‌పీ మోటర్లు పన్నెండుకు మించకూడదు. కరెంటు రాగానే అందరి ఆటో స్టార్టర్లూ ఒకేసారి పడతాయి. మోటర్ మొదలయ్యేటప్పుడు అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి ఫ్యూజు ఎగురుతుంది, రాగి తీగకు బదులు లావు తీగ వేస్తారు, తరవాత డీపీయే పోతుంది. ఆటో స్టార్టర్ తీసేయండి, లేదా టైమర్ పెట్టి ఒక్కో మోటర్‌కు రెండు నిమిషాల తేడా ఇవ్వండి. 5 హెచ్‌పీ మోటర్‌కు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే తీగలో కరెంటు తగ్గి చివరి మోటర్‌కు ఓల్టేజీ నిలబడుతుంది. కెపాసిటర్ పనిచేస్తోందో లేదో క్లాంప్ మీటర్‌తో ముందూ వెనకా చూస్తే తెలిసిపోతుంది.

కరెంటు కనెక్షనే లేని రైతుకు సోలార్ పంపు పథకం వేరే ఉంది: రెండున్నర ఎకరాల దాకా 3 హెచ్‌పీ, అయిదు దాకా 5, ఆపైన 7.5. రైతు వాటా 10 శాతం, ఎస్సీ ఎస్టీలకు 5 శాతం. పంపు హెడ్ (నీటిని ఎంత ఎత్తుకు తోడాలో ఆ లెక్క) ఎంచుకునేటప్పుడే ఎక్కువమంది తప్పు చేస్తారు. వేసవిలో నీటిమట్టం ఎంత లోతో, పైపు పొడవు, వంపుల నష్టం కలిపి చెప్పాలి. వానాకాలపు మట్టం చెబితే ఏప్రిల్‌లో పంపు తిరుగుతుంది, నీరు రాదు.

ఇంటి మీద సోలార్ గురించి కూడా ఒక్క మాట, ప్రతి సభలో ఈ ప్రశ్న వస్తుంది. బ్యాటరీ లేని గ్రిడ్ ఇన్వర్టర్ లైటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. తీగ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా తయారు చేశారు. అది లోపం కాదు. ఇంటి సోలార్‌కు కేంద్రమిచ్చే సూర్యఘర్ సబ్సిడీ 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, 3 కిలోవాట్లు ఆపైన 78 వేలు.

రాజురా_వాసి:

చాలా విషయం దొరికింది. గైరాన్ కాగితం గురించి ఒక్కటి మిగిలింది.

లోడ్_డిస్పాచ్:

హెక్టారుకు ఏడాదికి 1 లక్ష 25 వేలు, ఏటా 3 శాతం పెంపు అన్నది సౌర కృషి వాహిని పథకంలో ప్రైవేటు పట్టా భూమికి చెప్పిన అద్దె. గైరాన్ సర్కారు భూమి, షరతులు వేరు. ఆ అంకె ఊరికి వస్తుందని సభలో మాటివ్వకండి. ప్లాంటు వచ్చిన గ్రామపంచాయతీకి ఏడాదికి 5 లక్షల చొప్పున మూడేళ్లు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఊరికి దక్కేది ఏ పద్దు కింద, ఏ తేదీకి అన్నది తీర్మానంలో రాయించండి. ఊరి ఉమ్మడి భూముల గురించి సుప్రీంకోర్టు 2011లో గట్టిగా చెప్పింది, కాబట్టి తీర్మానం లేకుండా ఎవరూ సంతకం చేయకూడదు.

నన్నడిగితే మేత భూమి కన్నా ముందు గని చుట్టుపక్కల మట్టి దిబ్బలు, వాడకం అయిపోయిన జాగా అడగండి. దిబ్బ పోసిన వెంటనే వేస్తే కుంగి ప్యానెల్ బల్లలు వంకర్లు పోతాయి. కుంగడం నిలిచిన పాత దిబ్బల మీద, నేలలో దిగని కాంక్రీటు దిమ్మల పునాదితో వేయాలి.

గైరానే ఇవ్వాల్సి వస్తే నాలుగు మాటలు రాయించండి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు చీలుతుంది, లోతు తక్కువ పునాదిని పైకి తోసేస్తుంది. పునాది లోతు మట్టి పరీక్షను బట్టి ఉండాలి. గొర్రెల మేతకు లోపలికి దారి ఉండాలి. మేకలు వద్దు, ప్యానెళ్లెక్కుతాయి, కేబుళ్లు కొరుకుతాయి. కడిగే నీళ్లు ఎక్కడివో రాయాలి: 550 వాట్ల ప్యానెళ్లు మెగావాట్‌కు 1,800 పైన, ఒక్కోటికి రెండు లీటర్లంటే కడిగిన ప్రతిసారీ 3,600 లీటర్లు. మన దగ్గర బొగ్గు, సిమెంటు దుమ్ముకు నెలకు నాలుగుసార్లు తప్పదు. సిమెంటు దుమ్ము మంచుకు తడిసి గట్టిపడితే గీకినా పోదు, గాజు గీతలు పడుతుంది. తెల్లవారుజామునే కడగాలి. ఆ నీళ్లు ఊరి తాగునీటి బావిలోంచి తోడకూడదని స్పష్టంగా ఉండాలి. 25 ఏళ్ల తరవాత ప్యానెళ్లు, దిమ్మలు, కేబుళ్లు ఎవరు తీసుకెళ్తారో, తీసుకెళ్లకపోతే ఏ డిపాజిట్ నుంచి ఖర్చు పెడతారో కూడా ఇప్పుడే రాయించండి.